బాపు సౌదీ నుంచి తెచ్చిన ప్లేయర్‌కు ఏ ముల్లు కొనాలి?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెబుతాను. ఆయన వయసు నలభై నాలుగు, జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతారు. సొంతూరు జగిత్యాల దగ్గర. తండ్రిని ఉత్తరమంతా "బాపు" అనే రాశారు. ఆ బాపు 1978లో సౌదీ పోయి ఏడేళ్లు ఎలక్ట్రీషియన్ పని చేశారు. తిరిగొచ్చేటప్పుడు తోటివాళ్లంతా టేప్ రికార్డర్లు తెచ్చుకుంటే ఆయన టెక్నిక్స్ కంపెనీ రికార్డు ప్లేయర్ తెచ్చారు. బెల్టుతో తిరిగేది, ముల్లును మోసే చెయ్యి వంపు తిరిగి ఉన్నది. దాంతోపాటు వచ్చిన ఆంప్లిఫయర్‌ను అక్క పెళ్లి ఖర్చుల్లో అమ్మేశారు. ప్లేయర్ మాత్రం ఇరవై ఏళ్లుగా సజ్జ మీదే ఉంది. 41 ఎల్పీలు ఉన్నాయి, అన్నీ సినిమా పాటలు, భక్తి పాటలు. తాతల నాటి లక్క రికార్డులు ఇంకో తొమ్మిది.

అమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. అప్పటి నుంచి బాపు మాట తగ్గింది. దసరాకు ఇల్లు దులుపుతూ ప్లేయర్‌ను కిందికి దించితే ఆయన వచ్చి మూత ఎత్తి, పళ్లెం మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, ఏమీ అనకుండా వెళ్లిపోయారట. కొడుకు చూస్తే ముల్లు విరిగి ఉంది. బాగు చేయిద్దామని తిరగడం మొదలైంది. స్టేషన్ రోడ్డు మెకానిక్ "ఏ పిన్ను అయినా నడుస్తది, నేను తెచ్చి పెడతా" అన్నాడు. హైదరాబాద్ మిత్రుడు ముప్పై వేలకు తక్కువ పెడితే వినడమే దండగన్నాడు. ఆన్‌లైన్‌లో ఒకాయన "అప్పటి ఒరిజినల్ ముల్లు, సీలు విప్పలేదు" అని నాలుగున్నర వేలు అడుగుతున్నాడు. ఈయన దగ్గర ఉన్నది ఎనిమిది వేలు, విచారించిన సామాను ధరలూ ఉత్తరంలో రాశారు. భార్య "ఆ పాటలన్నీ ఫోన్‌లనే ఉన్నయి కదా" అంది. బాపేమో "పైసలు దండుగ బిడ్డా, విడిచిపెట్టు" అన్నారు. అమ్మకు ఎంతో ఇష్టమైన పాట ఒక ఎల్పీ రెండో వైపు చివరన ఉంది. సంవత్సరీకం రోజు బంధువులందరి ముందు దాన్ని వేసి బాపును ఆశ్చర్యపరచాలని ఈయన కోరిక. తప్పు ముల్లు వేసి ఆ రికార్డునే పాడు చేస్తానేమోనని భయం కూడా ఉంది.

మీ భయం న్యాయమైనదే, ముందు దాని సంగతి చూద్దాం. ముల్లు పోతే ఇంకోటి వస్తుంది. గాడి అరిగిన రికార్డు తిరిగి రాదు. ఆ అనుభవం నాకు ఉంది. కాజీపేటలో అద్దెకున్న రోజుల్లో ఒక రికార్డు ఒకేచోట ఎగురుతుంటే, చెయ్యి కొస మీద రూపాయి బిళ్ల పెట్టి నడిపాను. ఆ స్టీలు బిళ్ల దాదాపు ఐదు గ్రాములు. రెండు గ్రాములతో నడవాల్సిన ముల్లు ఏడు గ్రాములతో గాడిని దున్నుకుంటూ పోయింది. ఆ పాట ఇవాళ్టికీ నా దగ్గర బుసబుసమంటూనే ఉంది. అందుకే ధర కంటే ముందు బరువు గురించి అడుగుతాను.

ఇప్పుడు డబ్బు. మీరు ఎనిమిది వేలూ కార్ట్రిడ్జ్‌కే, అంటే చెయ్యి కొసన ముల్లును పట్టుకుని ఉండే చిన్న డబ్బాకే అనుకుంటున్నారు. ముల్లు మొదలు స్పీకర్ దాకా ఉన్న దారి మొత్తానికి అవి సరిపోవాలి. కార్ట్రిడ్జ్ లోపల జరిగేది చిన్న డైనమో పని. ముల్లు గాడిలో వణికితే, దాని కడ్డీ వెనక కొసకున్న అయస్కాంతం కదులుతుంది, పక్కనున్న తీగచుట్టల్లో కరెంటు పుడుతుంది. అది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులే. మీ హోమ్ థియేటర్ ఆక్స్ రంధ్రానికి వందల మిల్లీవోల్టులు కావాలి. పైగా రికార్డు కోసేటప్పుడే మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. లేకపోతే మంద్ర స్వరాలకు గాడి మరీ వెడల్పై పాటలు పట్టవు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. 1954 నుంచి అందరూ పాటించే ఈ లెక్కకు ఆర్ఐఏఏ అని పేరు. ఈ రెండు పనులూ చేసే డబ్బా ఫోనో ప్రీఆంప్. మీ పాత ఆంప్లిఫయర్‌లో అది లోపలే ఉండేది, దాంతోపాటే పోయింది. ప్రీఆంప్ లేకుండా ముప్పై వేల కార్ట్రిడ్జ్ పెట్టినా దోమ పాడినట్టే వినిపిస్తుంది.

మీరు రాసిన ధరల ప్రకారమే ప్రీఆంప్ రెండు వేలు, బెల్టు ఆరు వందలు. ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఇంకో ఐదు వందలు అనుకుందాం. మూడు వేల వంద అక్కడే పోయింది. మిగిలిన నాలుగు వేల తొమ్మిది వందల్లో కార్ట్రిడ్జ్ చూడాలి.

మీకు చెప్పినవాళ్లలో ముగ్గురి మాట పక్కన పెట్టొచ్చు. మెకానిక్ చెప్పే "ఏ పిన్ను అయినా" బహుశా సెరామిక్ రకం, సూట్‌కేసు ప్లేయర్లలో ఉండే ఎర్ర ముల్లుది. అది ప్రీఆంప్ లేకుండానే గట్టిగా పలుకుతుంది, ఆయన అలా అనడానికి కారణం అదే. కానీ ఐదారు గ్రాములతో నొక్కుతుంది. అమ్మ రికార్డు మీద దాన్ని నడపొద్దు. హైదరాబాద్ మిత్రుడు చెప్పేది తీగచుట్ట కదిలే రకం. ఆయనకు సంగీతం మీద ప్రేమ ఉంది, మంచి మాటే చెప్పారు. కానీ అందులో చాలావాటికి వచ్చేది అర మిల్లీవోల్టు లోపే, దానికి ఖరీదైన ప్రీఆంప్ వేరే కావాలి. ముల్లు అరిగితే ఇంట్లో మార్చుకోవడమూ కుదరదు. మీ ఇంటి ప్లేయర్‌కు అది పొసగదు. ఇక సీలు విప్పని ఒరిజినల్. దాని మీద ఆశ పడ్డారని ఉత్తరంలో తెలుస్తోంది, బాపు కొన్నప్పటిదే కదా అని. ముల్లు కడ్డీని పట్టుకుని ఉండేది చిన్న రబ్బరు ముక్క. వాడకపోయినా నలభై ఏళ్లలో రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడితే కడ్డీ స్వేచ్ఛగా కదలదు, గాడి గోడలు దెబ్బతింటాయి. నాలుగున్నర వేలు దానికి పెట్టొద్దని గట్టిగానే చెబుతాను.

ఇక మిగిలిన దారులు. మొదటిది అన్నిటికంటే చౌక. విరిగింది ముల్లే కానీ వెనకున్న కార్ట్రిడ్జ్ గుల్ల బాగానే ఉండొచ్చు. ఈ రకంలో ముల్లు ముందుకు లాగితే ఊడివస్తుంది. గుల్ల మీద నంబరు ఉంటుంది. అప్పటి టెక్నిక్స్ ప్లేయర్లతో 270 అనే కార్ట్రిడ్జ్ చాలా వచ్చేది, మీదీ అదే అయితే దానికి వేరే తయారీదారులు చేసే కొత్త ముళ్లు దొరుకుతాయి. మీరు రాసిన పన్నెండు వందల ముల్లు అలాంటిదే. గుల్ల బతికుందో లేదో తెలియాలంటే ముల్లు తీసేసి, వెనకున్న నాలుగు కాళ్లను మల్టీమీటర్‌తో చూడాలి. ఎరుపు ఆకుపచ్చ జంట కుడివైపుది, తెలుపు నీలం జంట ఎడమవైపుది. ఒక్కో జంటకు కొన్ని వందల ఓములో, వెయ్యి చుట్టుపక్కలో చూపించాలి, రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఏదైనా జంట తెగినట్టు చూపిస్తే ఆ దారి మూసుకున్నట్టే. బతికుంటే మొత్తం ఖర్చు నాలుగు వేల మూడు వందలతో అయిపోతుంది. ఒక ఇబ్బంది ఉంది. ఇలాంటి ముళ్లు ఒకటి బాగుంటే ఇంకోటి బాగుండదు. వచ్చాక భూతద్దంలో చూసి, కడ్డీ నిటారుగా ఉందో లేదో తేల్చుకుని, తిప్పి పంపే వీలున్న చోటే కొనండి.

రెండోది ఆడియో-టెక్నికా ఏటీ3600ఎల్. మీకు రెండున్నర వేలు చెప్పారు. గుండ్రని కొస ముల్లు, రెండున్నర నుంచి మూడున్నర గ్రాముల బరువుతో నడుస్తుంది. మొండి మనిషి లాంటిది, అమర్చడంలో కాస్త అటూ ఇటూ అయినా అలగదు. పాత సినిమా రికార్డుల గీతల చప్పుడును మరీ పెద్దది చేసి చూపించదు. వయొలిన్ల మెరుపు కొంచెం తగ్గుతుంది. దీంతో మీకు రెండు వేల పైచిలుకు మిగులుతుంది కూడా.

మూడోది అదే కంపెనీ వీఎం95 వరస. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ అమ్మ పాట రెండో వైపు చివరన ఉందన్నారు.

ఎల్పీ నిమిషానికి 33 చుట్లూ ఒక మూడో వంతూ తిరుగుతుంది, బయటి అంచులోనైనా లోపలైనా అంతే. కానీ బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు జారితే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే జారుతుంది. అంటే ఒకే స్వరం అక్కడ సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కుని ఉంటుంది. వంపులు చిన్నవైపోతాయి. గుండ్రని కొస ఆ చిన్న వంపుల్లోకి పూర్తిగా దిగలేదు. చివరి పాటలో "స", "ష" అనే చోట గరగరమనడం, గొంతు బొంగురుపోయినట్టు ఉండడం అందుకే. సినిమా ఎల్పీల్లో వైపుకు ఆరేసి పాటలు కుక్కారు, చివరి పాటకు ఎప్పుడూ ఇదే కష్టం. కోలగా చెక్కిన కొస వంపుల్లోకి మెరుగ్గా దిగుతుంది.

వీఎం95 వరసలో గుల్ల ఒకటే, ముళ్లే వేరు. గుండ్రని కొసది వీఎం95సి, మీకు నాలుగు వేలు చెప్పింది. కోల కొసది వీఎం95ఈ, ఆరు వేల లోపు చెప్పింది. ఇవాళ 95సి కొని, డబ్బు కుదిరినప్పుడు 95ఈ ముల్లు ఒక్కటే కొని అదే గుల్లకు తొడగొచ్చు. రెండూ నడిచేది రెండు గ్రాముల చుట్టూనే, 1.8 నుంచి 2.2 లోపల. కంపెనీ లెక్కలో 95సి ముల్లు 500 గంటలు, 95ఈ ముల్లు 300 గంటలు వస్తాయి. నలభై నిమిషాల ఎల్పీ రోజుకొకటి వింటే 300 గంటలు ఏడాది మీద రెండు మూడు నెలలు. అప్పుడు ముల్లు మార్చాలి, బాగానే వినిపిస్తోంది కదా అని ఊరుకోకూడదు.

లెక్క చూస్తే 95సితో ఏడు వేల వంద, మీ చేతిలో ఉన్నదాంట్లో సరిపోతుంది. 95ఈతో తొమ్మిది వేల వంద దాకా, పదకొండు వందలు ఎక్కువ. నా మనసు 95ఈ వైపే ఉంది, ఆ చివరి పాట కోసం. కానీ అప్పు చేసో, ఇంట్లో చెప్పకుండానో ఆ పదకొండు వందలు తేవొద్దు. మీ భార్య అన్నదాంట్లో నిజం ఉంది. పాట కావాలంటే ఫోన్‌లో ఉంది. మీకు కావలసింది ఆ రికార్డు, అమ్మ చేత్తో తీసి పెట్టినది. ఆ మాట ఆమెతో అలాగే చెప్పండి, "సౌండ్ క్వాలిటీ" అని తిప్పి చెప్పకండి. ఉత్తరంలో నాకు చెప్పగలిగారు, ఆమెకూ చెప్పగలరు.

సంవత్సరీకం నాటి ఆలోచన దగ్గర నాకు గుబులుగా ఉంది. "దండుగ" అని బాపు అన్నది డబ్బు గురించే కావచ్చు. ఆ పాట వినడానికి ఆయన ఇంకా సిద్ధంగా లేకపోవడమూ కావచ్చు. పళ్లెం ఒక చుట్టు తిప్పి వెళ్లిపోయారని మీరే రాశారు. నలుగురి మధ్య, భోజనాల వేళ, ఉన్నట్టుండి ఆ పాట మొదలైతే ఆయన లేచి బయటికి వెళ్లలేరు, కూర్చుని ఏడవనూ లేరు. ఆయన ముఖం వెలిగే అవకాశమూ ఉంది, కాదనను. కానీ అటూ ఇటూ అయితే ఆ పాటను మళ్లీ ఆ ఇంట్లో వేయనివ్వరు. పైగా నెల రోజుల్లో హడావిడిగా అమర్చి, ఒక్కసారి కూడా సరిచూడకుండా ఆ రికార్డు మీదే మొదట ముల్లు దించుతారు. మీ భయమంతా దానికే కదా.

ఇంకో దారి ఉంది. ఆయన ఎలక్ట్రీషియన్. మల్టీమీటర్ ఇంట్లోనే ఉందన్నారు. గుల్ల కాళ్లు చూసే పని ఆయనకు ఇవ్వండి. "బాపూ, ఇది తెగిందా లేదా జర చూడు" అంటే చాలు. వద్దంటే అక్కడే ఆపండి, మెకానిక్ ఎవరైనా చూస్తారు, పాట ఎప్పుడు వేయాలో తర్వాత ఆలోచించొచ్చు. ఆయన మీటర్ చేతిలోకి తీసుకున్నారా, మిగతా పనులూ ఆయనవే అవుతాయి. ఆ పాట ఎప్పుడు వినాలో, ఎవరి ముందు వినాలో కూడా ఆయనే చెబుతారు.

ఆయనకే బాగా తెలిసిన పని ఇంకోటి ఉంది, ప్లగ్గు పెట్టకముందే చూడాలి. అప్పటి సౌదీలో ఇళ్లకు 127 వోల్టులు వచ్చేవి, 60 హెర్ట్జ్. మనది 230, 50 హెర్ట్జ్. ప్లేయర్ వెనకో, పళ్లెం కిందో, అడుగునో వోల్టేజి మార్చే మీట ఉందేమో చూడమనండి, ఉంటే 220 లేదా 240 మీద ఉండాలి. మీట లేకుండా 110 అనో 127 అనో రాసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టక తప్పదు. మోటారు డీసీ రకమైతే హెర్ట్జ్ తేడా పట్టదు. ఏసీ సింక్రొనస్ రకమైతే, 60కి చేసిన, బెల్టును తిప్పే కప్పీ మన కరెంటులో ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఘంటసాల గొంతు ఇంకా గంభీరంగా వినిపిస్తే మురిసిపోకండి, అది మోటారు లోపం. పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి మూడు నిమిషాలు లెక్కపెట్టండి, సరిగ్గా వంద చుట్లు రావాలి.

కార్ట్రిడ్జ్ అమర్చడం ఇద్దరూ కలిసి ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయ్యే పని. చెయ్యి కొసనున్న హెడ్‌షెల్ విప్పి బల్ల మీద పెట్టుకుని చేయొచ్చు. వీఎం95 గుల్ల రంధ్రాల్లోనే మర చుట్లు ఉంటాయి, నట్లతో కుస్తీ లేదు. నాలుగు తీగలూ రంగు చూసి తొడగండి, వేళ్లతో లాగకండి, సన్నని పటకారుతో పట్టండి. ముల్లుకు తొడుగు ఉంచే మరలు బిగించండి. తర్వాత తొడుగు తీసి, వెనక బరువును తిప్పుతూ చెయ్యి గాలిలో నేలకు సమాంతరంగా తేలేదాకా తెచ్చి, అంకెల చక్రాన్ని సున్నా దగ్గర పెట్టి, అక్కడి నుంచి రెండుకు తిప్పండి. ఆ అంకెను నమ్మి ఊరుకోవద్దు, త్రాసుతో తూచండి. భయపడి ఒక గ్రాముకు తగ్గించడమూ తప్పే. తేలిక ముల్లు గాడిలో నిలవక గోడలకు కొట్టుకుంటుంది, నొక్కే ముల్లు కంటే ఒక్కోసారి ఎక్కువ పాడు చేస్తుంది. చెయ్యి లోపలివైపు లాగకుండా ఆపే యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకెకు పెట్టండి. గుల్ల ముందుకూ వెనక్కూ ఎక్కడ ఉండాలో చూపించే కాగితపు కొలత దొరుకుతుంది, అచ్చు తీసేటప్పుడు సైజు మారకుండా చూసుకోండి.

మొదటి పది రోజులు మీకు అక్కర్లేని రికార్డులు వేయండి. వేసే ప్రతి రికార్డునూ ముందు కడగండి. ఇరవై ఏళ్ల మన దుమ్ము, వానాకాలపు బూజు గాడిలో ఉంటాయి, ఎంత మంచి ముల్లయినా వాటిని గోడలకేసి రుద్దుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు నీళ్లు కలిపి, మెత్తని బట్టతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి నీడలో ఆరనివ్వండి. లేబుల్ తడపొద్దు.

తాతల లక్క రికార్డులు తొమ్మిదీ ప్రస్తుతం గుడ్డలో చుట్టి నిలువుగా పెట్టండి. అవి 78 చుట్లవి, మీరు చెప్పినదాన్ని బట్టి మీ ప్లేయర్‌కు 33, 45 మాత్రమే ఉన్నాయి. ఎల్పీ ముల్లు వాటి వెడల్పు గాడి అడుగున దొర్లుతుంది, చప్పుడే తప్ప పాట సరిగా రాదు. వాటి ముల్లు ఎల్పీ మీద పెడితే ఎల్పీ పోతుంది. వీఎం95 తీసుకుంటే 78ల కోసం చేసిన ఎస్పీ ముల్లు అదే గుల్లకు పడుతుంది, ఐదు గ్రాములతో నడపాలి. అప్పుడు 45 వేగంలో తిప్పి కంప్యూటర్లో రికార్డు చేసుకుని, వేగాన్ని సుమారు 1.74 రెట్లు పెంచితే పాట పాటలా వస్తుంది. అది వచ్చే ఏడాది పని. ఈలోగా వాటిని స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది.

బెల్టు వచ్చాక వెంటనే తొడగకండి. పాతది కరిగి తారులా పళ్లెం లోపలి అంచుకూ, మోటారు కప్పీకీ అంటుకుని ఉంటుంది. ఆ జిగురును స్పిరిట్ తడిపిన దూదితో పూర్తిగా తుడిచి, వేలికి అంటడం లేదని చూసుకున్నాక కొత్త బెల్టు వేయండి. గుల్ల మీది నంబరు, మీటర్‌లో వచ్చిన ఓములు నాకు రాయండి, పన్నెండు వందల ముల్లు సరిపోతుందో కొత్త కార్ట్రిడ్జే కావాలో దాన్ని బట్టి చెబుతాను.